కెజీయాకు ముందు పుట్టినవాళ్ళు

నా చిన్నప్పుడు మా పక్కింట్లో జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదని మా తాతయ్య బైబిల్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను. కృష్ణదేవిపేట ఆటోలో ఎలుగుబంటి నా పక్కన కూర్చుని చోటు చాల్లేదని సణిగిందని చెప్పినవాణ్ణి నేనే. అయినా ఈసారికి నమ్మండి.

అప్పుడు నాకు పదేళ్ళు. నర్సీపట్నంలో మా పక్కింటి అక్క తొలిచూలు బిడ్డ పుట్టిన ఐదో రోజునే పోయింది. ఇంకా పేరు పెట్టలేదు కనుక సమాధి మీదా పేరు లేదు. ఏటా సమాధుల పండగకి అందరూ సున్నం వేసి తమవాళ్ళ పేర్లు దిద్దుకుంటుంటే, అక్క ఆ చిన్న దిమ్మకు ఉత్త సున్నం వేసి వచ్చేసేది.

రెండేళ్ళకు మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. అక్క ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకోలేదు, పాలివ్వలేదు. వాళ్ళమ్మ పోతపాల గిన్నె పట్టుకుని, "పోయిందే తిరిగొచ్చిందనుకోయే. ఆ పిల్లని మరిసిపో!" అని మొత్తుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా అక్క గోడవైపు తిరిగి పడుకునేది. మూడో రోజుకి పసిదానికి ఏడ్చే ఓపిక కూడా పోయి, పిల్లికూనలా మూలుగుతోంది.

పేరు పెట్టే వంకతో మా తాతయ్యను పిలిచారు. ఆయన సంఘపెద్ద. వెళ్తూ వెళ్తూ మా వంటింట్లోంచి దాల్చినచెక్క ముక్క తీసి, అక్క మంచం దగ్గర నన్ను విరవమన్నారు. గదంతా వాసన.

"దీని పేరు కెజీయా" అన్నారు.

"ఏటి పేరండీ బాబూ అది! నోరు తిరగొద్దూ?" అంది అక్క వాళ్ళమ్మ.

యోబు పిల్లలు పదిమందీ ఒక్కనాడే పోయారనీ, తర్వాత మళ్ళీ పుట్టినవాళ్ళలో రెండో కూతురు కెజీయా అనీ తాతయ్య నెమ్మదిగా చెప్పారు. హెబ్రీ భాషలో ఆ మాటకు ఇలాంటి వాసన చెక్క అని అర్థమట. చెట్టు బెరడు ఒలిస్తే గాని ఆ వాసన మన దాకా రాదన్నారు. దేవుడు గొర్రెల్నీ ఒంటెల్నీ యోబుకి రెట్టింపు ఇచ్చాడు, పిల్లల్ని మాత్రం మళ్ళీ పదిమందినే ఇచ్చాడు. "ఎందుకంటావు? ముందటోళ్ళు లెక్కలోంచి పోలేదమ్మా. ఆళ్ళతో కలిపితేనే రెట్టింపు."

అక్క మొదటిసారి ఇటు తిరిగింది. "మరి ముందటోళ్ళ పేర్లేటి, తాతా?"

"రాయలేదమ్మా. నువ్వు సెప్పు. నీ పెద్దపిల్లని మనసులో ఏటని పిలుసుకుంటావు?"

అక్క ఒక పేరు చెప్పింది. తాతయ్య ఆ పేరు బైబిల్ అట్ట లోపల రాసి, దాని కింద కెజీయా అని రాశారు. అక్క చేతులు చాపింది.

చెయ్యి ఇంకా ఈ బైబిల్ మీదే ఉంది కనుక ఒప్పుకోక తప్పదు. అట్ట లోపల తెల్లగానే ఉంది. పెద్దపిల్లని ఏమని పిలుచుకుంటావని తాతయ్య అడగలేదు. "రాయలేదమ్మా" అని పుస్తకం మూసేశారు. అక్క ఆ మూసిన పుస్తకం వంక చూసి, పిల్లను అందుకుంది. ఆ అడగడం, చెప్పడం నా కల్పన.

కెజీయా ఇంటర్ చదివే రోజుల్లో అక్క పోయింది. పండగనాడు తల్లి సమాధికి సున్నం వేస్తూ ఆ పిల్ల నన్నడిగింది: "పక్కన ఈ సిన్నదాని మీద ఏటి రాయాలి మావా?"

ఇన్ని కోతలు కోసినవాణ్ణి, ఆ ఒక్క పేరూ కల్పించలేకపోయాను. అప్పటినుంచి బిడ్డ పోయిన ఏ ఇంటికి పలకరింపుకు వెళ్ళినా, ఓదార్పు మాటలేవీ ఎత్తను. పేరు అడుగుతాను. చెప్పేదాకా కూర్చుంటాను.