వెనక వాటాలోని పాట

నా గొంతు బొంగురు. నాట్లప్పుడు గట్టు నుంచి గట్టుకు వినపడేలా పాడీ పాడీ అలా అయిందని నేనంటాను. పుట్టుకతోనే అంతని మా చెల్లెలంటుంది. మా ఊరు వినగడపలో నాట్లకు వెళ్లినప్పుడు వరసకు ఈ కొసన నేను, ఆ కొసన అది. నేనొక చరణం ఎత్తుకుంటే దానికి జవాబు అది పాడేది. నా వంతు దానికి రాదు, దాని వంతు నాకు రాదు. ఎవరి వంతు వాళ్లదే.

మా ఆయన పోయాక అమ్మాయిని తీసుకుని తిరువూరు వచ్చి, ఒక పెద్దింటి వెనక వాటాలో అద్దెకు దిగాను. ఇడ్లీలు వేసి అమ్మేదాన్ని. అమ్మాయి చదువుకుని బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. చెల్లెలు పుణెలో ఆసుపత్రి నర్సు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి.

ఒకరోజు చెల్లెలు అమ్మాయి ఫోనుకు చేసింది. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, ఆసుపత్రి ఫంక్షన్లో మన నాట్ల పాట పాడతానని పేరిచ్చేశానే. తీరా చూస్తే నా వంతు ఒక్క ముక్క గుర్తు రావట్లేదు."

"నేను ఎత్తుకుంటా, నువ్వు అందుకో," అన్నాను.

ఎత్తుకున్నాను. ఫోనులో ఒకటే గరగర. నా మాట దానికి చేరేసరికి వంతు దాటిపోయేది. ఇద్దరం ఒకేసారి పాడి, ఒకేసారి ఆగి, చివరికి పెట్టేశాం.

"నీ పాట ఇంటర్నెట్లో పెడతానమ్మా. పిన్ని అక్కడ నెట్ సెంటర్లో ఎన్నిసార్లయినా వింటుంది," అంది అమ్మాయి. సెంటర్లో మైకు ముందు కూర్చోబెట్టింది. నా చరణం పాడి, చెల్లెలు పాడేటంత సేపు ఆగి, మళ్లీ ఎత్తుకున్నాను.

"మధ్యలో ఆగావేంటి?"

"అది మీ పిన్ని వంతు."

"ఆవిడ మర్చిపోయిందనే కదా ఇదంతా!"

"నా వంతు వింటే దాని వంతు దానికే వస్తుందిలేవే," అన్నాను. పైకి ధీమాగానే అన్నాను. ఆదివారం పొద్దున వింటానని చెల్లెలు చెప్పింది, సాయంత్రమే ఫంక్షను. రాకపోతే అందరి ముందూ దాని పరువేం కాను?

పాటల సైటును అమ్మాయి ఫ్రేమ్‌వర్క్ అనేదాంతో కట్టింది. స్తంభాలు, స్లాబు ఎవరో పోసి పెడతారట, గోడలు మనం కట్టుకోవాలట. తన కంప్యూటర్లో చక్కగా పాడింది. సెంటరు వాళ్ల సైట్లో సార్ ఇచ్చిన ఫోల్డర్లోకి చేర్చేసరికి మూగబోయింది. రంగుల్లేవు, బొమ్మల్లేవు. 'వినండి' నొక్కితే పేజీ లేదంటుంది.

శనివారం నేను టిఫిన్ డబ్బా పట్టుకెళ్లేసరికి అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"సెంటర్ సైటు పెద్దిల్లనుకో. నా సైటుది వెనక వాటా. నా లింకులన్నీ వీధి గేటు దగ్గరే ఆగి పాట అడుగుతున్నాయి. ఇక్కడ ఏ పాటా లేదు పొమ్మంటున్నారు."

నాకు ఒళ్లు మండింది. పెద్దింటావిడ కూడా మా ఉత్తరాలు అలాగే తిప్పి పంపేది.

అమ్మాయి ఫ్రేమ్‌వర్క్‌లో ఒకచోట ఆ ఫోల్డర్ పేరు రాసి, లింకు లింకుకూ ముందు కూడా తగిలించింది. ఇంకా పాడైంది. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"నా సైటుకు నీ బుద్ధులే వచ్చాయమ్మా!"

"నేనేం చేశానే?"

"మనం ఏ వాటాలో ఉన్నామో ఫ్రేమ్‌వర్క్‌కి ఒకచోట చెబితే చాలు, ప్రతి లింకుకూ అదే చేరుస్తుంది. అక్కడా చెప్పాను, చేత్తోనూ రాశాను. పేరు రెండుసార్లు పడింది. పాలవాడు మన గుమ్మంలోనే నిలబడి ఉంటే, గేటు తీసుకుని బావి పక్కనుంచి వెనక్కి రమ్మంటావు చూడు, అలా!"

"ఎప్పుడన్నానే?"

"పొద్దున్నే అన్నావు."

చేత్తో రాసినవన్నీ కొట్టేసి, ఆ ఒక్కచోటే ఉంచింది. తెర మీద నారుమడి పచ్చ పరుచుకుంది. 'వినండి' నొక్కింది. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే టైపు నేర్చుకుంటున్న పిల్లలందరూ తలలు తిప్పారు. సార్ గదిలోంచి తొంగిచూశారు.

"ఎవరమ్మా అక్కడ పోట్లాడుకుంటోంది?"

"పోట్లాట కాదు సార్, మా అమ్మ పాట."

ఆదివారం ఇడ్లీ పిండి గిన్నె ముందు కూర్చున్నానన్నమాటే కానీ చెవులు ఫోను మీదే. పొద్దెక్కాక మోగింది.

"అక్కా, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వింటే చెవులు చిల్లులు పడ్డాయే!"

"నా గొంతు సంగతి తర్వాత. నీ వంతు వచ్చిందా, లేదా?"

"మొదటిసారి నువ్వు ఆగినప్పుడు పాట తెగిపోయిందనుకున్నా. రెండోసారి ఆగినప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుందే! చెవుల్లో నువ్వున్నావు కదా, నేనెంత గట్టిగా పాడుతున్నానో నాకేం తెలుసు? తల తిప్పి చూస్తే నెట్ సెంటర్ జనమంతా నా వెనకే ఉన్నారు."

"తిట్టారా?"

"మళ్లీ పాడమన్నారు!"

అమ్మాయి ఫోను స్పీకర్లో పెట్టింది. పిండి చేతులతోనే ఎత్తుకున్నాను. గరగర అలాగే ఉంది. నా చరణం అయీ అవకముందే అది అందుకుంది, ఒక్క ముక్క తప్పకుండా.

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది మా అమ్మాయే. ఇక్కడికొచ్చేసరికి రాయడం ఆపేసి, ఆ పాట మళ్లీ పాడమంటోంది.