రజియా ఆపా ఎడమ చెయ్యి

టక్. అంతే. వేలు ఆనిందో లేదో కొత్త కెమెరాలో బొమ్మ పడిపోయింది. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి కెమెరాల దుకాణంలో ఇవాళ పొద్దున ఆ చప్పుడు వినగానే మెడ వెనక చల్లగా అనిపించింది. నిజానికి భయపడాల్సిన రోజు కాదు ఇది. నిన్ననే నా డిగ్రీ మెమో చేతికొచ్చింది. ఉద్యమం రోజుల్లో ఆగిపోయిన చదువును దూరవిద్యలో మళ్ళీ పట్టుకుని పాసయ్యాను. నారాయణరావుపేటలో మా ఇంటి నుంచి డిగ్రీ గడప దాటిన మొదటి మనిషిని నేనే. కల్లు గీయడానికి తాళ్ళెక్కే మా బాపుకు ఫోన్లో చెబితే, "ఇంకోసారి చెప్పు బిడ్డా, మీ అవ్వ ఇంటది" అని మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆటో అతనికి చెప్పాను. దుకాణం శంకరన్నకు అడగకుండానే రెండుసార్లు చెప్పాను. రేపటి నుంచి అమ్మాయిల కబడ్డీ పోటీలు, వాటి ఫొటోలు తీసే పని నాకే అప్పగించారు. నా సంచిలో ఉన్నది పెన్సిల్ సెల్లులతో నడిచే చిన్న కెమెరా. సెల్లుల మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. నొక్కితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు బొమ్మ తీస్తుంది. ఆ కాసేపట్లో కూతకు వెళ్ళిన పిల్ల గీత దాటి వెనక్కి వచ్చేస్తుంది. కొత్తది తీసుకోవాలా వద్దా అన్నది ఇవాళే తేలాలి. ఎవరినడిగినా తీసుకోమనే అంటారు. కానీ ఈ పాతది రజియా ఆపాది. ఆ కాసేపు కూడా ఆమెదే.

ఆమెను చూడనివాళ్ళకు చెప్పాలంటే స్టూడియో దగ్గర మొదలుపెట్టాలి. ఆడవాళ్ళకు మాత్రమే ఫొటోలు తీసే ఆపా సొంత స్టూడియో అది. గుమ్మానికి ముదురాకుపచ్చ పరదా ఉండేది. బురఖా తీసి ఫొటో దిగాల్సిన ఆడవాళ్ళు అక్కడికే వచ్చేవారు. ముస్లిం పెళ్ళిళ్ళలో మగ ఫొటోగ్రాఫర్లను రానివ్వని ఆడవాళ్ళ వైపుకు ఆపానే పిలిచేవారు. డిగ్రీలో చేరి నేను కిరాయికి దిగింది ఆ స్టూడియో పైగదిలోనే. ఆపా సన్నటి మనిషి, చేతినిండా గాజులు, మాట తక్కువ; అక్క అన్నట్టే అందరూ ఆపా అనేవారు. నేను కాలేజీ కబడ్డీ జట్టులో ఉండేదాన్ని. నేను ఆడుతుండగా స్నేహితులు తీసిన ఫొటోల్లో దుమ్ము తప్ప ఏమీ పడేది కాదు. ఒకరోజు బతిమాలి ఆపాను గ్రౌండుకు తీసుకెళ్ళాను. నేను కూతకు వెళ్ళబోతూ గీత దగ్గర నిలబడే ఉన్నాను. ఆమె వేలు అప్పటికే నొక్కేసింది. నాకు కోపం వచ్చింది. ఆట కాగానే పోయి అడిగాను.

"గదేంది ఆపా, నేనింక కదల్నేలేదు, నొక్కేస్తివి."

"నువ్వు కదిలినంక నొక్కితే నీ జడ పడ్తది బేటీ. నువ్వు పడవు."

"నేను గప్పుడే లేస్తనని నీకెట్ల తెలుసు?"

"నీ మడమ లేచింది. నీకే తెల్వదు."

తెరమీద చూస్తే నేను గాలిలో ఉన్నాను. నా వెనక, నేను ఆటలో గమనించని ఒక చెయ్యి నా చీలమండ మీదికి వస్తోంది. ఆ ఫొటోను నవ్వుతూనే చూశాను కానీ, ఆ రాత్రంతా కాలు దుప్పటి లోపలికి ముడుచుకునే పడుకున్నాను.

తర్వాత రోడ్లన్నీ ఉద్యమమైపోయాయి. బస్సులు ఆగేవి, క్లాసులు ఆగేవి. తెలంగాణ కావాలని ఆడవాళ్ళు నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడారు, పొయ్యిలు పెట్టి అక్కడే వండి వడ్డించారు. ఆపా పరదా దాటి వచ్చి వాళ్ళ మధ్య తిరుగుతూ ఫొటోలు తీసేది. కుడిచేతిలో కెమెరా, ఎడమ చెయ్యి ఊరికే పక్కన వేలాడుతూ. ఒక వంటావార్పు రోజు అందరూ గరిటె తిప్పుతున్న ముసలమ్మను చూస్తుంటే ఆపా మాత్రం పొయ్యి పక్కన నేల మీదికి కెమెరా తిప్పింది. అక్కడ కూరగాయలమ్మే లక్ష్మక్క బిడ్డ కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది.

"పిల్లను ఎత్తుకో" అంది ఆపా.

"ఎందుకు? ఆడుకోనియ్యి."

"జర ఎత్తుకో లక్ష్మీ."

లక్ష్మక్క గొణుక్కుంటూనే ఎత్తుకుంది. ఆపా ఖాళీ నేలకు గురిపెట్టి నొక్కింది. అప్పుడు పొయ్యి రాయి ఒకటి పగిలింది. పప్పు ఉడుకుతున్న గంజు ఒరిగింది. ఫొటోలో పప్పు పసుపు గుడ్డలా గాలిలో వేలాడుతోంది. దాని కింద చింతగింజలు ఉన్నాయి, పిల్ల లేదు. రాయి చిటచిటమనడం విన్నానని ఆపా చెప్పింది. చుట్టూ అంతమందిమి ఉన్నాం, ఎవరికీ వినబడలేదు. "నీ కెమెరల జిన్ను ఉన్నది ఆపా" అని లక్ష్మక్క నవ్వబోయింది. "జిన్ను ఉంటె నేను సెల్లులెందుకు కొంట?" అంది ఆపా. ఆ రోజు నుంచి ఆమె ఖాళీ జాగ వైపు కెమెరా ఎత్తితే చాలు, నినాదాలిస్తున్న ఆడవాళ్ళు చప్పుడు లేకుండా పక్కకు జరిగేవారు. అంత గోలలో, ఆ ఒక్క జాగలో మాత్రం నిశ్శబ్దం గుండ్రంగా పరుచుకునేది.

ఊరేగింపుల ఫొటోలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళకు కావలసింది పరుగు, తోపులాట, ఎగిరే జెండా. ఈ చిన్న కెమెరాతో కాదు, పెద్దది కొనమని ఆపా వెంటపడ్డాను. బందు లేని ఒకరోజు ఇద్దరం ఈ దుకాణానికే వచ్చాం. ఇదే శంకరన్న, అప్పుడు జుట్టు నల్లగా ఉండేది. ఆపా పెద్ద కెమెరాను ఒక చేత్తో ఎత్తింది. మణికట్టు వంగింది.

"రెండో చెయ్యి కింద పెట్టాలె ఆపా. లేకుంటె ఊగుతది" అన్నాడు.

పెట్టింది. నొక్కింది. టక్. ఫొటో అద్దంలా వచ్చింది. ఆమె ఫొటోను చూడలేదు, కింద ఇరుక్కున్న తన ఎడమ చేతినే చూసింది. తర్వాత జాగ్రత్తగా తిరిగిచ్చేసింది. బయటికొచ్చాక, "మంచిగనే ఉన్నది. కని నా చెయ్యి తీసుకుంటున్నది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. స్టూడియోకు తీసుకెళ్ళి కంప్యూటర్లో ఒక ఫొటో తెరిచింది. పాత కెమెరాతో తీసిన మొట్టమొదటి ఫొటో. ఆకుపచ్చ పరదా, తెరిచిన గుమ్మం, మనిషి లేడు.

"ఇది ఎవరి ఫొటో ఆపా?"

"మా ఆయనది."

ఆయన వ్యాను నడిపేవాడు. ఆ పొద్దున కెమెరా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "నొక్కు, జల్ది నొక్కు, లోడు ఉన్నది" అన్నాడు. ఆమె నొక్కింది. కెమెరా ఆలోచించుకునే లోపల ఆయన వెళ్ళిపోయాడు. హైదరాబాద్ రోడ్డు మీది నుంచి మళ్ళీ రాలేదు.

"ఒక చెయ్యితోని నొక్కిన. ఈ చెయ్యి ఖాళీగనే ఉండె" అని ఎడమ చెయ్యి చూపించింది. "కుర్తా పట్టుకొని జర ఆగుమంటె ఆగేటోడు. ఫొటో వస్తదేమోనని చూసుకుంట నిలబడ్డ."

నేను తెరకు దగ్గరగా వంగాను. పరదా అంచు ఒకచోట మడతపడి ఉంది, ఎవరో పట్టుకుని పక్కకు తీసినట్టు. ఆ మడతలో వేళ్ళ లోతులు కూడా కనిపించాయి. వేళ్ళు లేవు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం చౌరస్తాలో దిష్టిబొమ్మ తగలబెట్టారు. నేను ముందు వరసలో నినాదాలిస్తున్నాను, గొంతు బొంగురుపోయింది. ఆపా చెయ్యి చాపితే నేను అందేంత దూరంలో ఉంది. అందరి ఫోన్లూ మంట వైపు ఉన్నాయి. ఆమె కెమెరా నా వైపు తిరిగింది. నా పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు మాట్లాడకుండా దూరం జరిగారు. నేను మాత్రం ఫొటో కోసం నవ్వాను. మెడ మీద ఒక్క గుంజు పడింది. చున్నీ నా ఒంటి మీద లేదు. ఆపా చేతిలో ఉంది, అప్పుడు భగ్గుమంది. ఆమె దాన్ని రోడ్డు మీదికి విసిరి చెప్పుతో తొక్కింది. అరచెయ్యి కమిలింది.

సాయంత్రం ఫొటో చూశాం. నేను నవ్వుతున్నాను. నా గులాబీ చున్నీ మీద మంట లేదు, నిప్పురవ్వ కూడా లేదు. పక్కనుంచి ఒక ఎడమ చెయ్యి ఫొటోలోకి వచ్చి దాని అంచును గట్టిగా పట్టుకుని ఉంది. గాజులు మణికట్టు మీదికి జారి ఉన్నాయి.

"ముందు నొక్కినవా, ముందు గుంజినవా ఆపా?"

"రెండు చేతులున్నయి గదా."

"మంట లేకముందే ఎట్ల..."

"చాయ్ పెట్టు పో" అంది, కమిలిన చేతిని నీళ్ళలో ముంచుతూ. చాయ్ తాగుతూ తనే మళ్ళీ మొదలుపెట్టింది. "నాకు కొత్తది నక్కో, వద్దే వద్దు. నువ్వు కొనుక్కో. కని ముందుగాల డిగ్రీ కానియ్యి. పాసైనంక నాకు చెప్పు, చెప్పి కొను."

ఆ డిగ్రీ అప్పుడు కాలేదు. పరీక్షలు వాయిదా పడ్డాయి, తర్వాత నా చదువే వాయిదా పడింది. ఆపా ఒక వానాకాలం జ్వరంతో పోయింది, తెలంగాణ వచ్చిన సంబరం చూడలేదు. ఆమె చెల్లెలు కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టి, ఒక ఫొటో అడిగింది, ఇంట్లో పెట్టుకోవడానికి. ఎంత వెతికినా దొరకలేదు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళను తీసిన మనిషిని ఎవరూ తీయలేదు. ఉన్నది నా చున్నీ పట్టుకున్న ఆ చెయ్యి ఒక్కటే. అది నా దగ్గర ఉంది.

పాసయ్యాక తనకు చెప్పి కొనమంది కాబట్టే ఇవాళ దుకాణంలో బేరం పక్కనపెట్టి, కొత్త కెమెరాను గుమ్మం వైపు తిప్పాను. ఎండకు శంకరన్న అక్కడ ఒక గోధుమరంగు పరదా వేశాడు. గాలి లేదు. "ఆపా, పాసైన" అన్నాను మెల్లగా. అలవాటు కొద్దీ, ఎవరూ రాకముందే నొక్కాను. టక్. తెరమీద ఖాళీ గుమ్మం పడింది. పరదా అంచు ఒకచోట మడతపడి, పక్కకు తీసి పట్టుకున్నట్టు ఉంది. తల ఎత్తి చూస్తే పరదా నిటారుగా వేలాడుతోంది.

"ఎవరన్న వచ్చిపోయిన్రా అన్నా?"

"ఎవరొస్తరక్కా, ఇయ్యాల బోణీ నువ్వే. ఏమైంది, చెమటలు పట్టినయి?"

"ఏం లేదు. ఇది కట్టియ్యి. తీసుకుంట."

"రెండో చెయ్యి కింద పెట్టాలె, మరువకు. లేకుంటె..."

"ఊగుతది. ఊగనియ్యి. మెడ పట్టీ పొట్టిగ చేసి ఇయ్యి, ఛాతికి ఆనేటట్టు."

పట్టీ పొట్టిగా చేయించి మెడలో వేసుకున్నాను. బరువంతా ఛాతి మీద ఆనింది. ఎడమ చెయ్యి ఊరికే పక్కన వేలాడింది. రేపు గీత పక్కన కూడా అలాగే ఉంటుంది. కొన్ని ఫొటోలు చెదిరిపోతాయేమో, పోనీ. సంచిలో పాతది మెత్తగా తగులుతుండగా గుమ్మం దగ్గరికి వచ్చి ఆ చేత్తోనే పరదా పక్కకు తీశాను. నేను దాటాక కూడా కాసేపు వదల్లేదు. వెనక వచ్చేవాళ్ళ కోసం పట్టుకున్నట్టు, అలాగే పట్టుకుని నిలబడ్డాను.