మా మొదటి పాటలో వాడి డ్రమ్స్ లేవు

మా బ్యాండ్ మొదటి పాట ఎడ్మంటన్‌లో ఒక బస్టాపులో పుట్టింది. అప్పుడు మేం నలుగురం యూనివర్సిటీలో చదువుతున్నాం. బస్సు ఎంతకీ రాలేదు. చలికి కాళ్లు మొద్దుబారుతుంటే మా డ్రమ్మర్ బూట్లతో నేలను తొక్కడం మొదలుపెట్టాడు. ఆ తొక్కుడులో ఒక నడక వినిపించింది. దాని మీద నేను రెండు లైన్లు పాడాను. బస్సు వచ్చేసరికి పల్లవి తయారైంది.

ఇది నేను ఎక్కడ మాట్లాడినా చెప్పే కథే, నిజమే. రికార్డింగ్ గురించి చెప్పిందే అబద్ధం.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్టూడియో అద్దెకు తీసుకున్నాం. డ్రమ్మర్ రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగే పని ముగించుకుని నేరుగా వచ్చాడు. ముందుగా వాడి డ్రమ్స్, ఆ తర్వాత గిటార్లు, చివరికి నా గొంతు రికార్డ్ చేశాం. వాడు ప్రతి చరణానికీ ముందు కొంచెం వేగం పెంచేస్తాడు. ఆ రోజూ అంతే.

వారం తర్వాత నేనూ, అక్కడి సౌండ్ ఇంజనీరూ కూర్చుని వాడు వాయించిందంతా తీసేసి కంప్యూటర్ డ్రమ్స్ పెట్టాం. ఎవరికీ చెప్పలేదు. అసలు ఫైలు ఉంటే ఎప్పటికైనా బయటపడుతుందని నేనే డిలీట్ చేశాను. పాట వివరాల్లో డ్రమ్స్ పక్కన మాత్రం వాడి పేరే వేశాను. విన్నవాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది ఆ డ్రమ్స్‌నే. వాడు నవ్వి ఊరుకునేవాడు. పద్దెనిమిదేళ్లు అలా గడిచాయి.

పోయిన నెల వాడింటికి భోజనానికి వెళ్లాను. బేస్‌మెంట్‌లో వాడి పన్నెండేళ్ల కూతురు మా పాట పెట్టుకుని డ్రమ్స్ వాయిస్తోంది. రెండో చరణం ముందు ఆగిపోయింది.

"అంకుల్, దిస్ ఈజ్ నాట్ పాసిబుల్. త్రీ హ్యాండ్స్ కావాలి. ఇది ప్రోగ్రామ్ చేశారు కదా?"

నా చేతిలోని పకోడీ నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"రెండు చాలు. జరుగు," అంటూ వాడు కూర్చున్నాడు. ఒకే కర్రను రెండు డ్రమ్ములకు తాకిస్తూ, ఒక్క దెబ్బ కూడా వదలకుండా వాయించాడు.

"హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్, డాడీ?"

"ఆరు నెలలు. స్టేజీ మీద వేరేగ వాయిస్తే మీ అంకుల్ దొరికిపోతుండె."

నేను మెట్ల మీద కూర్చున్నాను. అమ్మాయి పైకి వెళ్లాక అడిగాను.

"నీకు తెలుసా?"

"విన్న రోజే తెలిసింది రా. అందుల నా తప్పుల్లేవు. చరణం ముందు నేను ఉరుకుత కద, మెషిన్ ఉరకదు."

"మరి అడగలేదేంరా?"

"నువ్వే చెప్తవనుకున్న. పద్దెనిమిదేండ్లాయె. ఆఖరికి నా బిడ్డ చెప్పింది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నేను దాచానని వాడికి తెలుసు. తెలిసీ, నా అబద్ధం నిలబడాలని ఆరు నెలలు కష్టపడి మెషిన్‌లా వాయించడం నేర్చుకున్నాడు.

"ఒక్కటి అడుగుత. ఆ రోజు నేను వాయించింది నీ దగ్గర ఉంటది కద? పిల్లకు వినిపిస్త. ఉరికితే ఉరికిన."

లేదని చెప్పాను. నేనే చెరిపేశానని చెప్పాను.

వాడి నవ్వు ఆగిపోయింది. చేతిలోని కర్రలు మెల్లగా డ్రమ్ మీద పెట్టాడు.

"అది మాత్రం అనుకోలే," అన్నాడు. లేస్తూ, "పాట మీద నా పేరు తీసెయ్ రా," అన్నాడు.

మర్నాడే తీసేశాను. ఆ చోట ఇప్పుడు కంప్యూటర్ అని ఉంది. కానీ పాట మొదలైంది వాడి బూట్ల చప్పుడుతో. ఆ మాటైనా వాడి పేరుతో రాయనా అని మెసేజ్ పెట్టాను. చూశాడు. ఇంకా జవాబు రాలేదు.