రెండు ట్యూబాలు, ఒక దుప్పటి

కుళాయిలు బాగుచేసే ఆయన్ను అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. ఆదివారాలు మాత్రం ఆయన ఊరి బ్యాండులో ట్యూబా వాయించేవాడు. ట్యూబా అంటే బ్యాండు మొత్తానికి పెద్ద ఇత్తడి బాకా. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెనక మనిషి కనబడడు, చెవులు మాత్రం కనబడతాయి. మేస్త్రీ చెవులు కాస్త పెద్దవి కాబట్టి బ్యాండు ఫొటోల్లో ఆయన్ను గుర్తుపట్టడానికి ఎవరూ కష్టపడలేదు.

బ్యాండులో రెండో ట్యూబా ఆయన బావమరిదిది. అతను గడియారాలు బాగుచేస్తాడు. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నా ఒక్క విషయంలో మాత్రం ఉప్పూ నిప్పూ. మేస్త్రీ ట్యూబాకి ఉన్నవి పిస్టన్ వాల్వులు. వేలితో నొక్కితే దిగుతాయి, వదిలితే స్ప్రింగు తన్ని పైకొస్తాయి. బావమరిది దానికి ఉన్నవి రోటరీ వాల్వులు. మీట నొక్కితే లోపల చిన్న బిళ్ల పావు చుట్టు తిరుగుతుంది. రెండూ చేసే పని ఒకటే, గాలిని ఇంకో గొట్టంలోకి మళ్లించడం. ఆ ముక్క వాళ్ల ముందు అన్నవాడు ఒక్కడే. పాపం, అతను మరుసటి వారమే ఫ్లూటు పట్టుకుని వేరే బ్యాండు చూసుకున్నాడు.

ప్రతి ఆదివారం సాధన అయ్యాక వాదన మేస్త్రీ ఇంటి ముందుగదిలో సాగేది.

"నొక్కితే దిగాలి, వదిలితే లేవాలి. నీదాంట్లో ఎక్కడేం తిరుగుతోందో నీకే తెలీదు," అనేవాడు మేస్త్రీ.

"నీ పిస్టను దిగి లేచేలోపు నేను పాట ముగించి టీ తాగేస్తాను బావా. అది ట్యూబా కాదు, చేతి పంపు."

"చేతి పంపైతే నీళ్లిస్తుందిరా. నీది విప్పి చూడాలంటే భూతద్దం కావాలి."

"నీది విప్పడానికి పానా పట్టుకెళ్లే మనిషివి, నీకు భూతద్దం ఎందుకులే!"

అదే గదిలో కిటికీ పక్కన మేస్త్రీ భార్య కుట్టుమిషను మీద బట్టలు కుట్టేది. పల్చటి నూనె మంచిదా, చిక్కటి నూనె మంచిదా అని వాళ్లు గంటసేపు కొట్లాడి, అసలు నూనె వెయ్యడం మరిచిపోయి, ట్యూబాలు అక్కడే వదిలేసి లేచేవారు. మర్నాడు రెండు ట్యూబాలకీ ఆవిడే నూనె వేసి, తుడిచి పెట్టేది.

ఇంతలో కొత్త సభా మందిరం ప్రారంభానికి బ్యాండును పిలిచారు. అక్కడికి ఎంచిన పాటలో ట్యూబా ఒంటరిగా వాయించాల్సిన నాలుగు వరుసలున్నాయి. బ్యాండు మాస్టారు లెక్కల పంతులుగా రిటైరైన మనిషి, నాన్చుడు గిట్టదు. "ఒక్కరే వాయించాలి. ఎవరో మీలో మీరే తేల్చుకోండి," అన్నాడు.

నాలుగు రోజులు ఇల్లు సంత అయింది. అయిదో రోజు ఆవిడ మిషను ఆపింది.

"పాట ఒకటే కదా. లోపలి గదిలో ఒకళ్లే రెండు ట్యూబాల మీదా వాయిస్తారు. మధ్యలో దుప్పటి కడతాను. మీరు ఇవతల కూర్చుని ఏది బాగుందో చెప్పండి."

"వాయించేదెవరక్కా?" అన్నాడు తమ్ముడు.

"వస్తార్లే. కళ్లు ఇటు తిప్పుకోండి."

మాస్టారిని పెరటి దారిన రప్పించిందనుకున్నారు ఇద్దరూ. కాసేపటికి దుప్పటి వెనక మొదటి స్వరం లేచింది. మేస్త్రీ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నిండుగా, తొణక్కుండా, గోడలకి ఆనుకుని నడిచినట్టుంది ఆ నాదం.

"ఇది నాదే!" అన్నాడు.

"చెవులు పెద్దవైతే సరా బావా? ఆ మెత్తదనం రోటరీది."

రెండోసారి మొదలైంది. అదీ అంతే బాగుంది. ఈసారి మేస్త్రీ కాస్త తడబడి, "ఇదీ నాదే," అన్నాడు. బావమరిది కూడా అదే మాట అన్నాడు. రెండూ తనవే ఎలా అవుతాయో ఎవరికీ తట్టలేదు.

దుప్పటి పక్కకి జరిగింది. మాస్టారు లేడు. మెడలో కొలత టేపుతో, ఒళ్లో ట్యూబాతో ఆవిడే కూర్చుని ఉంది.

"నువ్వెప్పుడు నేర్చావే?" అన్నాడు మేస్త్రీ.

"నూనె వేశాక వాల్వు ఆడుతోందో లేదో ఊది చూడొద్దూ? తొమ్మిదేళ్లుగా మీరు పనికెళ్లాక చూస్తున్నాను."

పక్కింటి నర్సమ్మ ఎదురైనప్పుడల్లా, "మీ సాధన బలే ఉంటుందండీ," అని మెచ్చుకునేది. మేస్త్రీ ప్రతిసారీ వినయంగా తల వంచేవాడు. ఆ మెచ్చుకోలు ఎవరికి చెందాలో ఇప్పుడు అర్థమైంది. లేచి వంటింట్లోకి వెళ్లి, కారని కుళాయిని పూర్తిగా విప్పి మళ్లీ బిగించాడు. బయటికొచ్చేసరికి మొహం తేటపడింది.

"నాలుగు వరుసలూ నువ్వే వాయించు," అన్నాడు. "నాకు మూడో వరుసలో ఊపిరి అందదు. ఇన్నాళ్లూ వాల్వుల గొడవ చాటున దాన్ని దాచేశాను."

"నాకు రెండో వరుసలోనే అందదు," అన్నాడు బావమరిది నేల చూస్తూ.

ప్రారంభం రోజున ఆవిడ వాయించింది. పక్కన కూర్చుని స్వరాల కాగితం తిప్పాల్సిన మేస్త్రీ, భార్య మొహం చూస్తూ తిప్పడం మరిచిపోయాడు. ఆవిడ మోచేత్తో తనే తిప్పుకుని ఆగకుండా ముగించింది. మందిరం మందిరమంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు బెంచీ మీద ముగ్గురు సర్దుకుని కూర్చుంటారు. మాస్టారు ఎక్కడినుంచో సొట్టలు పడ్డ మూడో ట్యూబా వెతికి తెచ్చాడు. మేస్త్రీ రోజూ పనికి వెళ్లేముందు అరగంట సాధన చేస్తాడు. వరుస మధ్యలో ఎక్కడ దొంగచాటుగా ఊపిరి తీసుకున్నా కుట్టుమిషను టక్కున ఆగుతుంది. ఆయన మారు మాట్లాడకుండా వరుస మొదటికి వెళ్తాడు.