పిన్నితో ఆగిపోలేదు

మా పిన్ని పోయిన నెల కన్నుమూసింది. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనా, రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆమె చర్చిలో వాయించే పిన్నిగారిగానే అందరికీ తెలుసు. భూస్థాపన రోజు పాటలు వాయిద్యం లేకుండానే సాగాయి. హార్మోనియం బదులు ఆమె అమర్చిన కంప్యూటరు పలకలేదు.

“ఆవిడతోనే ఆగిపోయిందండి,” అన్నారు సంఘ కార్యదర్శిగారు కళ్ళు తుడుచుకుంటూ.

“ఆయ్, ఎంత బంధమో చూడండి,” అన్నారు పక్కవాళ్ళు.

ఆ మాట ఎంత అందంగా ఉందో నాకంత మంట పుట్టించింది. యంత్రాలు ఎవరితోనూ పోవు. పిన్ని వింటే ముందు నవ్వేది, తరవాత వంగి వైర్లు చూసేది.

చర్చిలో ఒకప్పుడు కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం ఉండేది. మా వైపు చెమ్మకి రీడ్లు తుప్పుపట్టి, తిత్తి చిరగడం మొదలయ్యేసరికి, కమిటీవాళ్ళు దాన్ని పాతసామాన్లవాడికి అమ్మేద్దామన్నారు. అమ్మేలోగా పిన్ని మైకు పెట్టి ఒక్కొక్క మెట్టునీ రికార్డు చేసింది. “ఫ్యాన్లు ఆపండమ్మా,” అని కూర్చున్నవాళ్ళందరినీ చెమటలో నానబెట్టేది. ఒక మెట్టు దగ్గుతున్నట్టు పలికేది. దాన్ని బాగుచెయ్యకూడదా అన్నాను. “దగ్గు తీసేస్తే అది మన పెట్టె కాదే,” అంది.

ఆ ధ్వనులన్నీ చర్చి మూలనున్న పాత కంప్యూటర్లో పెట్టి, దానికి చిన్న మిడి కీబోర్డు తగిలించింది. చెమ్మ చేరకుండా ఆ కీబోర్డు సంచిలో మందుసీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు ఏరి వేసేది. విండోస్ బదులు లినక్సు ఎక్కించినందుకు మాత్రం బోలెడు మాటలు పడింది.

“అందరూ వాడేది పెట్టొచ్చు కదండీ పిన్నిగారూ, ఇదేం పంతమండీ?”

“అందరూ వాడేది ఈ ముసల్ది మొయ్యలేదయ్యా. నన్ను చూసైనా దానిమీద జాలిపడు.”

కొందరు కీబోర్డుకి చెవి ఆనించి, పాడైపోయిందనేవారు. “కీబోర్డు పాడదర్రా. ఏ మెట్టు నొక్కేరో, ఎంత గట్టిగా నొక్కేరో కబురు చెప్తుంది, అంతే. పాడేది కంప్యూటరు,” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. తెరమీద కీబోర్డు నుంచి హార్మోనియానికి ఒక గీత, అక్కణ్ణుంచి స్పీకర్ల పెట్టెకి ఇంకో గీత లాగి చూపించేది. “చప్పుడు రాకపోతే ఎటు పోతోందో వెతకండి. పోయిందనకండి.” నాకు ఎక్కింది సగమే. ఆ సగానికే ఆమెకి రుణపడి ఉన్నాను.

జ్ఞాపకార్థ కూడిక నాడు కాస్త ముందుగా వెళ్ళాను. కంప్యూటరు ముందు అమలాపురం నుంచి వచ్చిన మెకానిక్ కూర్చున్నాడు.

“ఫార్మాట్ కొట్టించేస్తున్నామమ్మా. కనీసం టీవీలో పాటలు వేసుకోడానికైనా పనికొస్తుంది,” అన్నారు కార్యదర్శిగారు.

“లోపల హార్మోనియం ఉందండి.”

“ఏ హార్మోనియం? దాన్నెప్పుడో అమ్మేసేం కదా.”

పిన్ని ఇంట్లో ఆ ధ్వనులకి ఇంకో కాపీ లేదు, అప్పటికే వెతికాను. ఇంకొక్క మీట నొక్కితే ఆ పెట్టె రెండోసారి పోతుంది, ఈసారి దగ్గుతో సహా. “లేవండి,” అన్నాను మెకానిక్‌తో. గొంతు పెద్దదే అయింది. చర్చిలో అలా అరవచ్చునా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సౌండు ఎటు పోతోందో చూశాను. టీవీకి పోతోంది. భూస్థాపన నాడు పిన్ని ఫోటోలు చూపించడానికి టీవీ వైరు తగిలించి, టీవీ చప్పుడు పూర్తిగా తగ్గించేశారు. ఆ వైరు ఇంకా అలాగే ఉంది. ఆమె ఫోటోల కోసం ఆమె పాట నోరు నొక్కి, దానికి బంధమని పేరు పెట్టారు.

వైరు పీకేశాను. స్పీకర్ల పెట్టెని ఎంచి, రెండు గీతలూ లాగి, ఒక మెట్టు నొక్కాను. హార్మోనియం పలికింది.

“ఇంతేనా అండీ?” అన్నారు కార్యదర్శిగారు. “పిన్నిగారు ముందే చెప్పి ఉండొచ్చు కదండీ.”

చెప్పింది. ఏళ్ళ తరబడి, ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. ఆ మాట పైకి అన్నాను కూడా.

ఆ ధ్వనులకి నా దగ్గర ఒక కాపీ ఉంచుకున్నాను, కానీ వాటి చోటు చర్చే. వచ్చేముందు, మళ్ళీ ఎవరూ గుచ్చకుండా, కంప్యూటర్లో టీవీ వైరు గుచ్చే చోట, నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న ప్లాస్టర్ ఒకటి, దెబ్బలకి వేసేది, అడ్డంగా అంటించాను. మొన్న ఆదివారం వెళ్ళి చూస్తే, చెమ్మకి దాని మూల ఒకటి లేచి ఉంది. బొటనవేలితో అదిమాను. చెయ్యి తీయగానే మళ్ళీ మెల్లగా లేచింది.