వెంకటరమణమ్మ కుడికాలు

వెంకటరమణమ్మకు అరవై ఆరేళ్లు. ఇన్నేళ్లలో తన కుడికాలి బొటనవేలి గురించి ఆమె పట్టుమని పది నిమిషాలు ఆలోచించి ఉండదు. చత్వారం వస్తే అద్దాలు పెట్టుకుంది. పన్ను కదిలితే పీకించుకుంది. మోకాళ్లు ఎప్పటికైనా మొరాయిస్తాయని ముందుచూపుతో తార్నాకలో కింది వాటా చూసి మరీ కొనిపించింది. బొటనవేలి మొదట్లో ఒక కీలు ఉంటుందని, అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువంతా దాని మీదుగానే దాటుతుందని ఆమెకు చెప్పిన వాళ్లు లేరు.

సొంతూరు రేపల్లె దగ్గర. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై ఒక్కేళ్లు పనిచేసింది. పుస్తకాల మధ్యకు చెప్పులతో వెళ్లడం ఆమెకు గిట్టేది కాదు. గుమ్మం దగ్గరే విడిచి, రాతి నేల మీద పొద్దస్తమానం వట్టి కాళ్లతో తిరిగేది. పై అరలో పుస్తకం కావాలంటే మునివేళ్ల మీద లేచి అందుకునేది తప్ప, స్టూలు తెచ్చుకునే ఓపిక ఆమెకు ఏనాడూ లేదు. రిటైరైన రోజున శాలువా కప్పి, ఆమె చేతుల చలవ గురించి మాట్లాడారు. కాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

రిటైరయ్యాక ఆమె నడక మొదలుపెట్టింది. తెల్లారగానే ఇంట్లోంచి బయటపడి, కాంపస్‌లోకి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ ముందు దాకా నడిచి వెనక్కి వచ్చేది. పోను రాను గంట. ఆరోగ్యం కోసమని అందరితోనూ చెప్పేది కానీ అసలు కారణం అది కాదు. ఆమె భర్త బుచ్చిబాబు ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడతాడు. పేపర్లో వార్తకీ, పక్కింటి వాళ్ల వాస్తుకీ, కూరలో కరివేపాకుకీ ఆయన దగ్గర వ్యాఖ్యానం ఉంటుంది. నలభై నాలుగేళ్ల కాపురంలో ఆమెకంటూ సొంతంగా దొరికింది ఆ గంటే. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు.

బుచ్చిబాబు గురించి కూడా చెప్పాలి. ఫిజిక్స్ లాబ్‌లో పనిచేసి రిటైరయ్యాడు, డెబ్బై మూడేళ్లు. వయసులో ఉండగా పేరుమోసిన హేతువాది. దేవుడు లేడు, దెయ్యం లేదు, ముహూర్తం లేదు అని సభలు పెట్టేవాడు. పెళ్లి కూడా దండలు మార్చుకునే చేసుకున్నాడు. తాళి లేదు, తలంబ్రాలు లేవు. వెంకటరమణమ్మ తల్లి ఆ రోజు నోరు మెదపలేదు గానీ, మర్నాడు అల్లుడు బస్సులో సామాను సర్దుతుంటే కూతుర్ని పక్కకు పిలిచి, కొంగున ముడేసుకొచ్చిన వెండి మెట్టెలు తనే తొడిగింది. మూడేసి చుట్ల గట్టి మెట్టెలు. బుచ్చిబాబు చూసి, కాళ్లకు సంకెళ్లు తగిలించుకొచ్చావే అన్నాడు. ఆ మాట నలభై ఏళ్ల పాటు ఇంటికొచ్చిన ప్రతి అతిథి ముందూ అన్నాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది. తీయలేదు.

నాలుగేళ్ల కిందట ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు. ఆ తరవాత సంకెళ్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఆమె పట్టించుకోలేదు. ఒక గోల తగ్గిందని సంతోషించింది.

నొప్పి నిరుడు వానాకాలంలో మొదలైంది. మొదట పొద్దున లేవగానే నాలుగడుగులు. తరవాత కాంపస్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు. బొటనవేలి మొదట్లో ఎముక గడ్డ కట్టినట్టు లేచింది. వేలు పక్కకు వాలి, రెండో వేలిని తోసి దాని కిందకు దూరింది. రెండో వేలు పైకి లేచి వంకర తిరిగింది. దాని మీద వాపుకి మెట్టె కండలోకి దిగబడింది.

ముందుగా కనిపెట్టింది సరోజమ్మ. ప్రొద్దుటూరు వైపు మనిషి, వీధి చివరి ఇల్లు, ఆమెతో పాటు నడకకు వచ్చేది.

"ఏమి రమణమ్మా, కాలు ఎగేసి ఎగేసి ఏస్తాండావు?"

"ఏదో పట్టేసిందమ్మా."

"పట్టేసేది కాదు అది. యూరిక్ యాసిడ్. మా ఆయప్పకు అట్లనే వచ్చింది. పప్పు నిలిపెయ్యి. టమోటా, వంకాయ ముట్టుకోవాకు."

తార్నాకలో ఎవరి కాలు నొప్పి పుట్టినా యూరిక్ యాసిడే. మందుల షాపు వాడూ అదే చెప్పాడు, పాలు పోసే అతనూ అదే చెప్పాడు. వెంకటరమణమ్మ ఏడు నెలలు పప్పు మానేసింది. పప్పులేని భోజనం ఆమె దృష్టిలో భోజనం కాదు. సొరకాయా బీరకాయా తిని తిని నాలుక చచ్చిపోయింది, కాలు మాత్రం రోజురోజుకూ ఎక్కువైంది. గంట నడక అరగంటయింది. తరవాత గేటు దాకా అయింది. ఈ సంక్రాంతి తరవాత పూర్తిగా ఆగిపోయింది.

అప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లారు. భార్గవి అని ఎముకల డాక్టరు, చిన్న వయసు. రక్తం పరీక్ష చూసి, ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసింది.

"యూరిక్ యాసిడ్ నార్మల్‌గా ఉందమ్మా. పప్పు ఎవరు మానెయ్యమన్నారు?"

"అందరూ."

"ఇవాళే వండుకోండి. ఇది కీలు అరుగుదల. మోకాలు అరిగినట్టే పాదంలోనూ అరుగుతుంది. ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తగా ఉండాల్సిన పొర పోయింది. అందుకే వేలు పైకి వంగట్లేదు."

"తగ్గుతుందా అమ్మా?"

"అరిగింది మళ్లీ రాదు. నొప్పి మాత్రం బాగా తగ్గించుకోవచ్చు. నడక మానకండి, నెమ్మదిగా పెంచుకోండి. అడుగు వంగని బూట్లు కావాలి, ముందు భాగం వెడల్పుగా ఉండాలి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగొద్దు." తరవాత కాలు చేతిలోకి తీసుకుని చూసింది. "ఈ మెట్టెలు తీసేయాలి. ఇవి ఉంటే ఏ బూటూ ఎక్కదు. వేలు పుండు పడేలా ఉంది."

వెంకటరమణమ్మ తలూపింది. కాలు బాగవుతుందంటే అదో పెద్ద విషయంగా ఆమెకు అనిపించలేదు. పక్క కుర్చీలో ఉన్న బుచ్చిబాబు అప్పుడు ముందుకు వంగాడు.

"ఎడమ కాలిది ఉంచవచ్చా డాక్టర్?"

"ఎడమ పాదంలో కూడా మొదలైంది సార్. పైగా బూట్లు రెండు కాళ్లకీ కదా."

"ఒకటైనా ఉంటే..." అని మొదలుపెట్టి, వాక్యం అక్కడే వదిలేశాడు.

నలభై నాలుగేళ్లలో ఆయన వాక్యం సగంలో వదిలేయడం వెంకటరమణమ్మ చూడలేదు. తల తిప్పి చూసింది. ఆయన ఎక్స్‌రే వైపు చూస్తున్నాడు.

బూట్లు కొన్నారు. నల్లవి, మగవాళ్ల బూట్లలా ఉన్నాయి, రెండు చేతులతో వంచినా వంగవు. ఇంటికి తెచ్చి ప్రయత్నిస్తే కుడికాలు సగం దాకా పోయి ఆగింది. మెట్టె దగ్గర ప్రాణం పోయినంత పనైంది. సబ్బు రాసింది, కొబ్బరినూనె రాసింది, దారం చుట్టి లాగింది. గట్టి చుట్లు, ఇన్నేళ్ల వాపు, రావు. కంసాలి దగ్గరకు వెళ్లి కోయించుకోవాలి.

"తొందరేముంది?" అన్నాడు బుచ్చిబాబు.

తొందర లేదంటూ మూడు వారాలు గడిపాడు. ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకుందామన్నాడు. కోస్తే సెప్టిక్ అవుతుందన్నాడు. ఒకరోజు నల్లకుంట వెళ్లి, ఏదో తైలం సీసా పట్టుకొచ్చాడు. పైన కాగితం మీద సకల వాతాలూ హరిస్తుందని రాసి ఉంది. ఇలాంటి మందులు మోసమని ఒకప్పుడు పత్రికలకు ఉత్తరాలు రాసిన మనిషి, రోజూ రెండు పూటలా ఆ తైలం కాచి స్వయంగా ఆమె పాదానికి రాయడం మొదలుపెట్టాడు. మెట్టె చుట్టూ జాగ్రత్తగా రాసేవాడు, ఎక్కడ ఊడి వస్తుందో అన్నట్టు.

వెంకటరమణమ్మకు అప్పటికి అర్థమైంది. మొదట నవ్వొచ్చింది. ఆ కథ సరోజమ్మకు చెప్పి పడీపడీ నవ్వింది కూడా. మెట్టెలు తీస్తే ముత్తైదువతనం పోతుందని, అంటే తనే పోతాడని ఈ పెద్దమనిషికి భయం! సంకెళ్లని వెక్కిరించిన నోరే! తరవాత నవ్వు పోయి కోపం వచ్చింది. కాలు తనది, నొప్పి తనది. గంటసేపు తన పాటికి తాను నడవడం తప్ప ఏమీ అడగని మనిషి, గదిలోంచి వంటింటికి గోడ పట్టుకుని వెళుతోంది. అది చూస్తూ కూడా ఆయన తైలం సీసా వదలడం లేదు.

ఓ బుధవారం ఆయన బ్యాంకుకి వెళ్లినప్పుడు, ఆటో ఎక్కి వారాసిగూడలో కంసాలి శశిధరాచారి కొట్టుకు వెళ్లింది. పాత పరిచయం. అతను కాలు చూసి, కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేశాడు.

"సార్ మంచిగున్నడు గద అమ్మా?"

"ఉన్నారు."

"మరి నేనెట్ల కోస్త? మా నాయన గూడ కొయ్యలే ఎన్నడు. సార్ గీడికి వచ్చి నోటితోని చెప్తే కోస్త. లేకుంటే నా చెయ్యి ఆడదమ్మా."

"డాక్టర్ చెప్పింది నాయనా."

"డాక్టరమ్మకు ఏమైతది? సార్ చెప్పాలె."

ఎంత చెప్పినా వినలేదు. ఆమె ఇంటికి తిరిగొచ్చి, జరిగిందంతా బుచ్చిబాబుకు దాచకుండా చెప్పింది.

ఆయన ఎగిరిపడ్డాడు. "వాడెవడు నన్నడగడానికి? నీ కాలికి నా అనుమతేమిటి? ఇంత మూఢత్వమా ఈ రోజుల్లో!"

"అవును. అదే వచ్చి అతనికి చెప్పండి."

"చెప్తాను."

"ఎప్పుడు?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"మీకు భయమాండీ?"

"భయమా? నాకా?" అన్నాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఇంట్లో వ్యాఖ్యానాల్లేవు. పేపరు మడత విప్పలేదు. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్న నిశ్శబ్దం ఇల్లంతా నిండింది, అది ఆమెకు ఏమీ బాగాలేదు. శుక్రవారం పొద్దున ఆమె స్నానాల గదిలో తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. వేలు పుండు పడి నెత్తురు కనిపించింది. బుచ్చిబాబు వచ్చి కిందకు చూశాడు.

"చీర మార్చుకో రమణా," అన్నాడు. "వారాసిగూడ వెళ్దాం."

ఆటో ఎక్కారు. ఆయన బూట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొట్లో శశిధరాచారి లేచి కుర్చీ వేశాడు. వెంకటరమణమ్మ కూర్చుని, కాలు పీట మీద పెట్టింది. ఇద్దరూ బుచ్చిబాబు వైపు చూశారు.

ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. వెండి అనేది ఒక లోహమనీ, దానికి మనిషి ఆయుష్షుతో సంబంధం లేదనీ, అసలు ఈ ఆచారం ఎలా వచ్చిందంటే... శశిధరాచారి ఓపికగా విన్నాడు.

"గవన్నీ సరే సార్. కోయమంటరా, వద్దంటరా?"

ఉపన్యాసం ఆగిపోయింది. బుచ్చిబాబు కుర్చీ పక్కకు వచ్చాడు. నేల మీద గొంతుక్కూర్చోవడం డాక్టర్లు వద్దన్నారు, అయినా కూర్చున్నాడు. ఆమె మడమ కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. పెళ్లిలో పెళ్లికొడుకు వధువు పాదం పట్టుకుని మెట్టెలు తొడుగుతాడు. ఆయన తన పెళ్లిలో అది చెయ్యలేదు. ఇప్పుడు పట్టుకున్నాడు.

"కొయ్యి," అన్నాడు. అది ఎవరికీ వినబడలేదు. రెండోసారి గట్టిగా అన్నాడు. "కొయ్యి నాయనా. రెండూ."

కత్తెర చుట్టు కిందకు దూరింది. కిర్రుమంది. మొదటి చుట్టు, రెండో చుట్టు, మూడోది. శశిధరాచారి పట్టకారుతో విప్పి లాగాడు. మెట్టె పీట మీద పడింది.

మూడు వారాలుగా వెంకటరమణమ్మ ఆ క్షణం కోసమే పోరాడింది. కాలికి ఎంత హాయిగా ఉంటుందో రోజూ ఊహించుకుంది. తీరా అది వచ్చినప్పుడు ఆమె కాలి వైపు చూడలేదు. ఆమె చూపు సూటిగా బుచ్చిబాబు గుండె మీదకు పోయింది. చొక్కా లేచి పడుతోందా లేదా అని చూసింది. భయం ఆయనకే అనుకుని నవ్వింది. ఇంత భయం తనలో ఉందని ఆమెకే తెలీదు.

చొక్కా లేచింది, పడింది. మళ్లీ లేచింది.

"ఏవండీ," అంది. "బాగానే ఉన్నారా?"

"నాకేం," అన్నాడు బుచ్చిబాబు, ఆమె మడమ వదలకుండా. "నొప్పి నీకు కదా."

శశిధరాచారి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెంకటరమణమ్మ కళ్లు తుడుచుకుని, ఎడమ కాలు ఎత్తి పీట మీద పెట్టింది.