పిట్టల పేర్లలో దొరలు, ఓనరక్క తమ్ముడు

డిగ్రీ చేతికొచ్చి నౌకరి మాత్రం చేతికి రాని రోజులవి. ఆ వయసులో ఏ పని అప్పజెప్పినా లోకాన్ని ఉద్ధరిస్తున్నట్టే ఉంటుంది. నాకు దొరికిన పని మరీ విచిత్రమైంది. జనగామలో మేమంతా ‘పిట్టల సారు’ అని పిలిచే రిటైరైన సైన్సు మాస్టారొకాయన మన చుట్టుపక్కల పక్షుల మీద పుస్తకం రాస్తున్నాడు. కొన్ని పక్షుల శాస్త్రీయ నామాల్లో మనుషుల పేర్లు ఉంటాయి. వాళ్లెవరో ఆరా తీసి, పిట్టకు రెండు వాక్యాల చొప్పున రాసివ్వాలి నేను. మన అడవుల్లో తిరిగే ఒక ఆకుపచ్చ పిట్ట పేరు చివర, ఎప్పుడో పోయిన ఒక ఇంగ్లీషు సైనిక వైద్యుడు ఉన్నాడు. (రోగులకన్నా పిట్టలనే ఎక్కువ చూసినట్టున్నాడు.) అట్లాంటి దొరల కోసం పొద్దంతా ఫోన్లో పాత పుస్తకాలు తిరగేస్తూ, ఎక్కడెక్కడి మ్యూజియాలకో వచ్చీరాని ఇంగ్లీషులో మెయిళ్లు పెడుతూ ఉండేవాణ్ని.

మా ఇంటి ఓనరక్క ఇదంతా గమనిస్తూనే ఉంది. ఒక పొద్దున బట్టలారేస్తూ అడిగింది.

“తమ్మీ, నువ్వు సచ్చిపోయిన దొరలను ఎతికి పట్టుకుంటున్నవట గద?”

“ఔ అక్కా,” అన్నాను, గర్వంగా.

“మా తమ్ముడు బతికే ఉన్నడు. జర వాన్ని ఎతకరాదు?”

ఆమె పెద్దబిడ్డ పెండ్లికార్డులో మేనమామ పేరు పడలేదట. ప్రెస్సువాడి పొరపాటని ఎంత చెప్పినా వినకుండా, “కార్డుల లేనోడు చుట్టరికంల ఎందుకు?” అని ఆ తమ్ముడు తొర్రూరులో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. భూపాలపల్లి బొగ్గుబావుల దిక్కు కనిపించాడని ఎవరో అన్నారు, అంతే. ఇప్పుడు చిన్నబిడ్డ పెండ్లి కుదిరింది. “పిల్లను మండపానికి ఎత్తుకొచ్చేటోడు ఎవలు తమ్మీ? మేనమామ ఉండంగ ఇంకొకన్ని ఎట్ల పిలుస్త?” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాదనలేకపోయాను. ఫేస్‌బుక్‌లో చూస్తే ఆ పేరుతో బోలెడుమంది ఉన్నారు, అందరి మొహాలూ సినిమా హీరోలవే. పిట్టల సారు దగ్గర మొర పెట్టుకుంటే, “దొరలను ఎట్ల పట్టుకున్నవ్? వాళ్లు దేనెంట తిరిగిండ్రో చూసే గద? గాయన దేనెంట తిరిగేటోడో అడుగు,” అన్నాడు. అడిగాను. “ఇంకేముంటది, పావురాలు! పిల్లలకన్న ముందు వాటికే పెట్టేటోడు,” అంది అక్క.

మరునాడే బస్సెక్కి భూపాలపల్లిలో దిగాను. బొగ్గుబావి కార్మికుల ఇండ్ల నడుమ మెడ పైకెత్తి, పావురాల గూళ్ల కోసం మిద్దెలన్నీ చూస్తూ నడిచాను. ఆరేసిన చీరల మధ్య అట్లా తిరిగే కుర్రాడు జనానికి ఎట్లా కనిపిస్తాడో నాకు తట్టనే లేదు. ఆడవాళ్లు చుట్టుముట్టారు.

“ఏంది పిలగా, మిద్దెల దిక్కు చూస్తున్నవ్?”

“పావురాల కోసం అక్కా.”

“ఔ! మొన్నొకడు గిట్లనే చెప్పి బిందె ఎత్తుకపోయిండు.”

ఒకామె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “పావురాలాయన తానికే నడువ్, ఆయనే తేలుస్తడు,” అని లాక్కుపోయింది. అట్లా దొంగనై, నేను వెతుకుతున్న మనిషి ముందే నిలబడ్డాను. చేతిలో జొన్నల డబ్బా, భుజం మీద పావురం, ముక్కు అచ్చం ఓనరక్కదే.

“మీ అక్క తోలింది,” అనగానే మొహం తిప్పుకున్నాడు. నేనెవరో, నా పని ఏంటో చెప్పి ఆకుపచ్చ పిట్ట కథ ఎత్తుకున్నాను. జొన్నలు చల్లుతూనే విన్నాడు.

“ఆ దొర తన పేరు తనే పెట్టుకున్నడా?”

“లేదన్నా. ఎవలది వాళ్లు పెట్టుకోరు. ఇంకో పిట్టలాయన గౌరవంతోటి పెట్టిండు.”

“నసీబున్నోడు. నా పేరు తోడబుట్టిందే పెట్టకపాయె.”

ఆ గొంతు విన్నాక ఇక ఆగలేక, అక్కకు ఫోన్ కలిపి, “దొరికిండక్కా,” అని ఆయన చెవికి ఆనించాను. నాక్కూడా వినపడేంత గట్టిగా, “ఒరేయ్, కార్డు ఇంకా ప్రెస్సుల ఇయ్యలేదు. నీ పేరు నువ్వొచ్చి చూసుకున్నంకనే అచ్చేపిస్త! బువ్వ తిన్నవా?” అంది అక్క.

“పావురాలు తిన్నయక్కా, నేనింక తినలే,” అని ఏడ్చేశాడు. నన్ను పట్టుకొచ్చినామె కూడా ముక్కు చీదింది. (నా చెయ్యి మాత్రం వదల్లేదు.)

పెండ్లి జనగామలోనే జరిగింది. మేనమామే పిల్లను ఎత్తుకొచ్చాడు. అప్పగింతలు కాగానే వంటల దగ్గర ఏదో మాటా మాటా పెరిగి అక్కాతమ్ముళ్లు మళ్లీ అరుచుకున్నారు. ఆయన సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు. నేను వెంట పరుగెత్తాను. బస్సు మెట్టు మీద నిలబడి, “అక్కకు చెప్పు, ఇయ్యాల ఫోన్ చేస్తే ఎత్తనని. రేప్పొద్దున చెయ్యమను,” అన్నాడు.

ఇప్పుడు నాకు మహబూబాబాద్‌లో నౌకరి. ఎదురింటాయన పేరు ఇప్పటికీ తెలియదు, అడగాలంటే మొహమాటం. ఎరగని ఊళ్లో ఎవరి తమ్ముడి కోసమో దొంగతనం అంటగట్టించుకున్న ఆ బక్కపిలగాడు నేనేనంటే నాకే నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం కుళ్లు కూడా పుడుతుంది.